కొయిర్ నుంచి తీసేశారు, ఏ రూలు కింద?

సంపాదకుడు గారికి,

కొన్ని రోజులుగా మా హనుమకొండ, కాజీపేట వైపు క్రైస్తవ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతోంది. మెథడిస్టు చర్చి పడిపోయిందట, రేపు మన చర్చిలోనూ మగవాళ్లకు మగవాళ్లతో పెళ్లిళ్లు చేస్తారట, మేలుకోవాలట. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఇరవై ఏళ్లకు పైగా మా చర్చి సంఘ కమిటీలో కూర్చుని మినిట్స్ రాసినవాణ్ని కాబట్టి నాకు ముందు వచ్చే అనుమానం వేరే. ఎవరు తీర్మానించారు, ఎన్ని ఓట్లు పడ్డాయి? ఫార్వర్డ్‌లో అది తప్ప అన్నీ ఉన్నాయి.

జరిగింది చెప్తాను. అమెరికాతో పాటు ఆఫ్రికా, ఫిలిప్పీన్స్‌లోనూ సంఘాలున్న యునైటెడ్ మెథడిస్ట్ చర్చి 1972లో తన నియమావళిలో స్వలింగ సంపర్కం క్రైస్తవ బోధకు సరిపడదని రాసుకుంది. అప్పటినుంచి మామూలుగా నాలుగేళ్లకోసారి కూడే వాళ్ల జనరల్ కాన్ఫరెన్స్‌లో ఇదే పంచాయతీ. ఆ సభలో ఓటు వేసేవాళ్లు సగం మంది పాస్టర్లు, సగం మంది మనలాంటి మామూలు సభ్యులు, బిషప్పులు సభ నడుపుతారు గానీ వాళ్లకు ఓటు లేదు. (ఈ ముక్క చెప్తే మా కమిటీలో ఇద్దరు నమ్మలేదు. బిషప్‌కి ఓటు లేకుండా చర్చి ఎట్ల నడుస్తది అన్నారు!) 2019లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రత్యేకంగా కూడి ఈ విషయంలో ఆంక్షలు ఇంకా బిగించారు, 438 మంది అవునన్నారు, 384 మంది కాదన్నారు. 2024లో అమెరికాలోనే షార్లెట్‌లో మళ్లీ కూడి, స్వలింగ సంబంధంలో ఉన్నవాళ్లకు పాస్టర్ పట్టా ఇవ్వకూడదన్న నిషేధాన్ని 692–51 ఓట్లతో తీసేశారు, మర్నాడు ఆ 1972 నాటి వాక్యాన్నీ కొట్టేశారు. అయిదేళ్లలో అందరి మనసులూ మారిపోయాయా అంటే అదేం లేదు, ఈ మధ్యలో అమెరికాలోనే దాదాపు 7,600 సంఘాలు బయటికి వెళ్లిపోయాయి, ఎక్కువగా ఈ మార్పును ఎదిరించేవాళ్లవే. వాళ్లయినా రాత్రికి రాత్రి గేటుకు తాళం వేసుకుని పోలేదు. ప్రతి సంఘంలోనూ ఓటింగు పెట్టారు, మూడింట రెండు వంతులు అవునంటేనే, కట్టాల్సినవి కట్టి ఆస్తితో సహా వెళ్లారు. ఇప్పుడున్న నియమం ప్రకారం కూడా ఇలాంటి పెళ్లి చేయమని ఏ పాస్టర్‌నీ బలవంతం చేయడానికి లేదు, చేశాడని శిక్షించడానికీ లేదు.

ఇక మన సంగతి. ఇండియాలోని మెథడిస్టు చర్చి 1981 నుంచి స్వతంత్రం, దాని నియమావళి దానిది. సీఎస్ఐకి (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకి) సొంత రాజ్యాంగం, సినడ్ అనే పై సభ ఉన్నాయి. బాప్టిస్టుల్లో ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిది. క్యాథలిక్కులకు రోమ్ చెప్పాలి. షార్లెట్‌లో చేతులెత్తితే హనుమకొండలో రూలు మారదు. పైగా మన దేశంలో 377 సెక్షన్ కింద ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో చెప్పిన సుప్రీంకోర్టే, 2023 అక్టోబరులో స్వలింగ వివాహాన్ని గుర్తించడం తన పని కాదు, పార్లమెంటుదని తేల్చింది. చట్టమే గుర్తించని పెళ్లిని మీ పాస్టర్ అయ్యగారి చేత ఎవరు చేయిస్తారు? ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

నా బాధంతా ఇక్కడిదే. మా సంఘంలోనే, దాని పేరు రాయను, కొయిర్‌లో (పాటల బృందంలో) ఎనిమిదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్న కుర్రాడు ఒకడున్నాడు. వాడి గురించి ఎవరో ఏదో అన్నారు, ఫోన్‌లో ఏదో ఫొటో చూశామన్నారు. బుధవారం ప్రార్థన అయ్యాక వరండాలో నలుగురు పెద్దలు నిలబడి మాట్లాడుకున్నారు, ఆదివారానికి కీబోర్డు దగ్గర వేరే అబ్బాయి ఉన్నాడు. ఆ కుర్రాణ్ని పిలవలేదు, అడగలేదు. వాళ్ల అమ్మకు ఫోన్ చేసి "కొన్ని రోజులు రానీయకండమ్మా" అని మాత్రం చెప్పారు. కమిటీ మీటింగులో నేను, ఇది మినిట్స్‌లో ఏమని రాయాలి అని అడిగితే ఒక పెద్దాయన, "అందరికీ తెల్సిందే కదా సార్, రాసుడెందుకు?" అన్నాడు. నేను పెన్ను మూసేశాను. అప్పుడు ఇంకో మాట అనకుండా లేచి వచ్చినందుకు ఈ ఉత్తరం రాస్తున్నాను అనుకోండి.

అక్కడ యాభై ఏళ్లు కొట్లాడుకున్నారు, మైకుల్లో అరుచుకున్నారు, ఏడ్చారు, విడిపోయారు. కానీ ఏ వైపు ఎన్ని ఓట్లో రికార్డులో ఉంది. మన దగ్గర ఒక్క సాయంత్రం సరిపోయింది, రికార్డు లేదు.

నేనేమీ విప్లవకారుణ్ని కాను. వివాహం గురించి మా నాన్న నేర్పిందే నాకు తెలుసు, అందులో నాకు ఇంకా తేలని ప్రశ్నలున్నాయి. కానీ మత్తయి 18లో యేసు ప్రభువు చెప్పిన వరస అందరికీ కంఠతా వచ్చు కదా. ముందు ఒంటరిగా వెళ్లి మాట్లాడు, వినకపోతే ఒకరిద్దరిని వెంట తీసుకెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు, సంఘం మాటా వినకపోతేనే బయటివాడిగా ఎంచు. మనం మొదటి రెండు మెట్లూ ఎక్కకుండానే, సంఘానికీ చెప్పకుండానే, నాలుగో మెట్టు మీద నిలబడ్డాం. యూదులు కాని విశ్వాసులకు సున్నతి కావాలా అన్న గొడవ వచ్చినప్పుడు అపొస్తలులు యెరూషలేములో కూడి, వాదించుకుని, నిర్ణయాన్ని ఉత్తరంగా రాసి మనుషుల చేతికిచ్చి అంతియొకయకు పంపారు. రాశారు, గమనించండి.

చర్చిస్తే విశ్వాసం చెడిపోతుందని భయపడేవాళ్లకు మన పక్కూరి సంగతే చెప్తాను. 1912లో అజరయ్య గారిని డోర్నకల్‌కు బిషప్‌గా పెట్టినప్పుడు భారతీయుడికి బిషప్ పదవా అని అడ్డుపడ్డవాళ్లు ఉన్నారు. సీఎస్ఐ 1947లో ఏర్పడితే అందులో స్త్రీకి గురువు (పాస్టర్) పట్టా దక్కింది 1976లో, బిషప్ పదవి దక్కింది 2013లో, అదీ మన తెలుగామెకే, నంద్యాలలో. ఈ విషయం కూడా అలాగే తేలుతుందని నేననడం లేదు, వేరేగా కూడా తేలొచ్చు. తేల్చే చోట అందరూ కూర్చోవాలి, ఆ కుర్రాడికీ ఒక కుర్చీ వేయాలి, అంతే నేనడిగేది.

వచ్చే జనరల్ బాడీ అజెండాలో ఒక అంశం చేర్చమని కార్యదర్శికి కాగితం ఇచ్చాను. ఏ సభ్యుణ్నైనా ఏ సేవ నుంచి తప్పించాలన్నా కారణం రాతలో ఇవ్వాలి, అతని మాట వినాలి, కమిటీ ఓటు వేయాలి అని. చందా బాకీ ఉంటే ఓటు లేదని నోటీసు బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాయగలిగినవాళ్లం, ఇది రాయలేమా? "టైం సరిపోదేమో సార్" అన్నాడు కార్యదర్శి. కాగితం అందినట్టు జిరాక్స్ మీద సంతకం మాత్రం పెట్టించుకున్నాను.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు,
హనుమకొండ