మా బేకరీకి రావాల్సిన డబ్బు ఎప్పుడిస్తారు? గ్రాంట్ల అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, థర్డ్ వార్డ్ అనే పేటలో ఒక నల్లజాతి మహిళ నడిపే బేకరీకి లెక్కలు రాసే తెలుగువాణ్ణి. ఆమె గ్రాంట్ గురించి పెట్టిన అర్జీలకు జవాబు లేక ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

"ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు చూపించగానే ఇచ్చేస్తాం" అన్నారు. నమ్మాం. వీల్‌చైర్ ఎక్కేలా ర్యాంప్ కట్టించాం, తలుపు మార్పించాం, కొత్త బోర్డు పెట్టించాం. మీ ఇన్‌స్పెక్టర్ వచ్చి టేపు పెట్టి కొలిచి, అంతా బాగుందని చెప్పి వెళ్ళారు. తర్వాత కాంట్రాక్టర్ సంతకం సరిగా లేదన్నారు, మళ్ళీ చేయించి తెచ్చాం. చెక్కు నకళ్ళు అడిగారు, ఇచ్చాం. ఈలోగా మా ఫైల్ చూసే ఉద్యోగి మారారు, అన్నీ మొదటి నుంచి పంపమన్నారు. పంపాం. ఇప్పుడు ఫోన్ ఎత్తే దిక్కే లేదు.

మేం ఖర్చు పెట్టిన ఆ డబ్బు ఎక్కడిదో మీకు తెలియాలి. బేకరీ లాభంలో కొంత ఆమె విడిగా దాస్తారు. ఏటా జూన్‌టీన్త్ నాడు, అంటే 1865లో టెక్సస్‌లోని గాల్వెస్టన్ ఊళ్ళో బానిసల విముక్తి ఆజ్ఞ ప్రకటించిన జూన్ 19న, పేటలో కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్ళకు వడ్డీ లేకుండా ఇస్తారు. జడలు అల్లే అమ్మాయికి కుర్చీ, ఒకాయనకు తోపుడు బండి అలా వచ్చినవే. తీర్చిన బాకీలను నోట్‌బుక్‌లో ఎర్ర సిరాతో కొట్టేస్తారు. మీ మాట నమ్మి ఆ నిధి మొత్తం ర్యాంప్‌కు పెట్టేశారు. ఈసారి చేయి చాచి వచ్చినవాళ్ళకు "లేదు" అని చెప్పలేక ఆమె పడిన బాధ నేను కళ్ళారా చూశాను.

ఇది ఆమెతో మొదలైన పద్ధతి కాదండీ. బానిసత్వం పోయిన ఏడేళ్ళకే, 1872లో, జాక్ యేట్స్ పాస్టర్ గారూ తోటివారూ తలా కొంత వేసుకుని, విముక్తి దినం జరుపుకోవడానికి 10 ఎకరాలు కొన్నారు. అదే మా వీధిలోని ఎమాన్సిపేషన్ పార్క్. 2017లో ఆ వీధికీ అదే పేరు పెట్టారు, చాలా సంతోషం. కానీ ఆ వీధిలో దుకాణాలు బతకాలి కదా?

దయచేసి జూన్ 19 లోపు ఆమె డబ్బు ఇప్పించండి. కనీసం ఫలానా రోజు ఇస్తామని చెప్పండి. ఫోన్ ఎత్తే ఒక మనిషిని చూపించండి. ఇంకేదైనా కాగితం కావాలంటే ఈ రోజే తెచ్చిస్తాను.

ఇట్లు,
బేకరీ లెక్కలు రాసేవాడు