దొంగ దొరికాడు!

ఒరేయ్ గుండ్రాయీ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఈపాటికి ఎన్ని తిట్లు తిట్టుకుని ఉంటావో ఊహించగలను, అన్నీ నాకు చెందవలసినవే. ఇక్కడ అందరూ క్షేమం, నా మోకాలు నయమైంది, పిల్లి మళ్ళీ ఈనింది. అవన్నీ తర్వాత. అసలు సంగతి చెప్పకపోతే కడుపు ఉబ్బిపోయేలా ఉంది.

"అడిగిన ప్రతివాడికీ ఈమెయిల్ చిరునామా ఇచ్చేస్తావు, నీదేమైనా ధర్మసత్రమా?" అని దెప్పావు చూడు, ఆ మాట గుచ్చుకుంది. ఆ రోజునుంచే ఒక్కో చోటికి ఒక్కో మారు చిరునామా ఇవ్వడం మొదలుపెట్టాను. ఉత్తరాలన్నీ నా పెట్టెలోకే వస్తాయి, అవతలివాళ్ళకు అసలు చిరునామా మాత్రం తెలియదు. మొదట జీమెయిల్ పేరు పక్కన ప్లస్ గుర్తు పెట్టి ఒక మాట తగిలించేవాణ్ణి. అది ఉత్త తాటాకు తడిక! ప్లస్ నుంచి అవతలి ముక్క కత్తిరిస్తే అసలు పేరు బయటపడుతుంది. అందుకని మారు చిరునామాలు తయారుచేసి ఇచ్చే ఫైర్‌ఫాక్స్ రిలే అనే సేవకి మారాను. ఉచితంగా 5 ముసుగులు, అంటే మారు చిరునామాలు, ఇస్తుంది. అర్థంపర్థం లేని అక్షరాల గుంపు, ఎవడూ ఊహించి కొట్టలేడు.

వాటిలో మూడోది ఫొటోలు అచ్చువేసి పంపే ఒక సంస్థకు ఇచ్చాను. వాళ్ళకు తప్ప మరో నరమానవుడికి ఇవ్వలేదు. మొన్న మంగళవారం పొద్దున్నే దానికి ఉత్తరం: మీకు అప్పు మంజూరైందట! మధ్యాహ్నానికి బట్టతల మందు. (నా తల సంగతి వాళ్ళకెలా తెలిసింది? నవ్వకు.) రాత్రికి మొత్తం పదకొండు ఉత్తరాలు. నాకు కోపం రావాలి కదా, కుర్చీలోంచి లేచి గంతులేశాను. గొడుగు కేసు తర్వాత మన దర్యాప్తు ఫలించడం ఇదే మొదటిసారి, ఆ కేసులో ముద్దాయివి నువ్వే.

వాళ్ళను నిలదీస్తే "మీ గోప్యతే మాకు ముఖ్యం" అని మూడు వాక్యాల జవాబు. అమ్ముకున్నారో, వాళ్ళ దగ్గర ఎవరైనా కొట్టేశారో చెప్పలేను. ఏ తలుపులోంచి పోయిందో ముసుగు చెబుతుంది గానీ, ఎవరి చెయ్యో చెప్పదు. ఆ ఒక్క ముసుగు మీట నొక్కి ఆపేశాను. అంతే, నిశ్శబ్దం.

గొప్పలు చాలు, ఒక పరువుతక్కువ పని కూడా విను. పది నిమిషాల్లో మాయమయ్యే చిరునామాతో ఒక నిఘంటువు ఖాతా తెరిచాను. పాస్‌వర్డ్ మరిచిపోయాను. కొత్తది పంపించమంటే ఎక్కడికి పంపుతారు, ఆ పెట్టె ఉంటే కదా! రెండు వందల మాటలు దాచుకున్నాను అందులో. మెయిలినేటర్ లాంటి ఉమ్మడి పెట్టెలైతే మరీ అన్యాయం, పెట్టె పేరు తెలిసిన ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. బ్యాంకు వ్యవహారానికి మాత్రం వాటిని ముట్టుకోకు. దీన్నిబట్టి నాకేమనిపించిందంటే, మనిషి కూడా... సరే, అది ఎదురుపడ్డప్పుడు.

ఇకమీదట నాకు నాలుగో ముసుగుకు రాయి. నీకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. దానికి గనక బట్టతల మందు వచ్చిందో... అయ్యో, తలుపు కొడుతున్నారు, ఉంటాను!

నీ
సత్రం యజమాని