బండి ఎందుకు ఎత్తించానంటే

డెన్వర్, కొలరాడో
2026 ఫిబ్రవరి 8, ఆదివారం

నాన్నా,

పోయిన వారం వీడియో కాల్‌లో జీపు చూపిస్తే నువ్వు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఒక్క మాటే అడిగావు, "ఎందుకు బిడ్డా అంత ఎత్తించినవ్?" అని. నేను నోరు తెరిచేలోపే అమ్మ ఫోన్ లాక్కుని, "చీర కట్టుకొని దాంట్లకు ఎట్ల ఎక్కాలె? స్టూలేసుకోవాల్నా?" అంది. ఆ నవ్వుల్లో నీ ప్రశ్న కొట్టుకుపోయింది. ముషీరాబాద్ డిపోలో జీవితమంతా బస్సుల కింద పడుకున్న మనిషి అడిగిన దానికి వాట్సాప్‌లో రెండు ముక్కలు సరిపోవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. నువ్వు చదివాక తమ్ముడికివ్వు. చివర్లో వాడికీ కొంచెం ఉంది.

సెప్టెంబర్‌లో నేనూ నీ అల్లుడూ మాస్కిటో పాస్ ఎక్కాం. పేరుకి దోమల కనుమ, ఎత్తు 13,185 అడుగులు. ఆ చలిలో దోమ కాదు, మనిషి నిలబడటమే కష్టం. దారి అంటారు గానీ పగలగొట్టిన రాళ్ళు పరిచినట్టు ఉంటుంది. ఇంకాస్త పోతే పైకి చేరతామనగా కింద నుంచి ఠంగుమని మోత. బండి ముందుకు పోదు, వెనక్కి రాదు. దిగి వంగి చూస్తే వెనక హౌసింగ్, ఇరుసు మధ్యలో కొబ్బరికాయలా ఉబ్బి ఉంటుందే అది, ఒక రాయి మీద కూర్చుని ఉంది. బరువంతా ఆ రాయి మీదే. జాకీ వేసి, చక్రాల కింద రాళ్ళు పేర్చి బయటపడేసరికి గంటన్నర పట్టింది. హౌసింగ్‌కి గీత పడింది కానీ ఆయిల్ కారలేదు.

దిగి వస్తుంటే నీ అల్లుడు, "బండి ఎత్తిస్తే సరి" అన్నాడు. నేనూ సరే అనుకున్నాను. నీ కడుపున పుట్టి అట్లా అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గేస్తోంది. లిఫ్ట్ కిట్, అంటే బండిని ఎత్తించే స్ప్రింగుల సామాను, వేస్తే లేచేది ఛాసిస్, దాని మీదుండే బాడీ. ఈ జీపుకి మీ బస్సుల్లాగే ముందూ వెనకా అడ్డంగా ఒకే ఇరుసు. అది చక్రాలకి బిగించి ఉంటుంది, చక్రాలు నేల మీద ఉంటాయి. స్ప్రింగు ఎంత పొడుగుది వేసినా హౌసింగ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే, అదీ టైరు పెరిగిన ఎత్తులో సగం. మరి లిఫ్ట్ దేనికంటే, ఆ పెద్ద టైరు మడ్‌గార్డుకి తగలకుండా చోటివ్వడానికి. కాబట్టి ముందు టైరు తేల్చుకోవాలి, దానికి ఎంత చోటు కావాలో అంతే ఎత్తాలి. మేం మొదట వెళ్ళిన షాపులో ఇది తలకిందులుగా చెప్పారు. "నాలుగు అంగుళాలు ఎత్తించండి, 35 అంగుళాల టైర్లు వేసుకోండి, చూడ్డానికి బాగుంటుంది" అన్నారు. చూడ్డానికట! బండి ఎక్కడ తిప్పుతారని ఒక్కరూ అడగలేదు. దండం పెట్టి వచ్చేశాం.

మీ బస్సు టైర్ల మీద 9.00-20, 10.00-20 అని ఉండేది కదా, వెడల్పు, రిమ్ము. వీటి లెక్క కొంచెం వేరు. నా పాత టైరు 225/75 ఆర్ 16. వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. పైన ఒక పక్కగోడ, కింద ఒకటి, మధ్యలో రిమ్ము కలిపితే 744 మిల్లీమీటర్లు, అంటే 29 అంగుళాల పైచిలుకు. ఇప్పుడు వేసింది 285/70 ఆర్ 17. అది 831 మిల్లీమీటర్లు. ఇక్కడ దీన్ని 33 అంటారు, నిజానికి 32.7 అంగుళాలు. తేడా 87, అందులో సగం 43 మిల్లీమీటర్లు హౌసింగ్ కింద దొరికాయి. నీ బొటనవేళ్ళు రెండూ పక్కపక్కన పెడితే ఎంతో అంత. ఆ రోజు ఆ రాయి మీద మాకు తక్కువైంది ఒక వేలే.

35 ఎందుకు వద్దన్నానంటే, 33కే స్పీడోమీటర్ అబద్ధాలు మొదలుపెట్టింది. ముల్లు 60 మైళ్ళ దగ్గర ఉంటే బండి 67లో పోతోంది. అదంటే చిన్న పరికరం తగిలించి కంప్యూటర్‌కి కొత్త టైరు సైజు చెప్తే సర్దుకుంది. ఇంజనుకి అట్లా చెప్పలేం కదా. నా బండిలో క్రౌన్-పీనియన్, అదే ఇరుసు మధ్యలో ఉండే పళ్ళ చక్రాల జత, దాని నిష్పత్తి 3.73. ఈ టైర్లతో అది 3.34 ఉన్నట్టు లాగుతుంది, అంటే లాగే బలం తగ్గింది. ఐ-70 హైవే మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ అని ఒకటుంది, 11 వేల అడుగుల పైన. గాలి పలచన కాబట్టి అక్కడ ఇంజను మామూలుగానే నీరసిస్తుంది. ఇప్పుడు గేరు దించి మూలుగుతూ ఎక్కుతోంది, ఎక్కుతోంది మాత్రం. 35 వేసుంటే క్రౌన్-పీనియన్లు మార్చాల్సి వచ్చేది, అదీ ముందూ వెనకా ఒకే నిష్పత్తికి. లేకపోతే ఫోర్ వీల్ వేసిన మరుక్షణం రెండు ఇరుసులూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఆ ఖర్చు లిఫ్ట్ కిట్‌ని మించిపోతుంది. స్టెప్నీ వెనక తలుపుకి వేలాడే బండి ఇది, ఆ బరువు తలుపు కీళ్ళు మొయ్యాలి. బ్రేకులేమో పాతవే. చూడ్డానికి బాగుండటానికి ఇంత అవసరమా?

టైరు తేలాక కిట్. అన్నిటికంటే చవక ప్యాకింగ్. ఉన్న స్ప్రింగు మీద ఒక బిళ్ళ పెట్టి ఎత్తు తెప్పించడం. (తమ్ముడూ, ఇది నీకే.) స్ప్రింగు పాతదే, షాకప్ పాతదే. చక్రం గుంటలోకి వేలాడినప్పుడు పాత షాకప్ పొడుగు చాలక చివరికంటా సాగి దెబ్బ తింటుంది. ఛాసిస్‌కీ ఇరుసుకీ మధ్య ఉండే ఇనప చేతుల్ని కూడా మార్చే లాంగ్ ఆర్మ్ కిట్లు ఇంకోవైపు, అవి నాలుగంగుళాల పైవాళ్ళకి, మన పని కాదు. మేం తీసుకున్నది మధ్యరకం, కొత్త స్ప్రింగులు, వాటికి సరిపడా షాకప్‌లతో రెండున్నర అంగుళాల కిట్. టైర్లు, సెకండ్ హ్యాండ్ రిమ్ములతో కలిపి ఎంతయిందో నీకు ఫోన్‌లో చెప్తాను. అమ్మకి రూపాయల్లో చెప్పకు.

స్ప్రింగు ఎంచుకునేటప్పుడు నువ్వే గుర్తొచ్చావు. చిన్నప్పుడు డిపోలో కమాన్ కట్ట, ఆ పట్టాల స్ప్రింగు, విప్పి పట్టాలు లెక్కపెడుతూ, "ఖాళీ బస్సును చూసి కమాన్లు కట్టరు బిడ్డా, పొద్దున తొమ్మిదింటికి ఫుట్‌బోర్డు మీద వేలాడే జనాన్ని చూసి కడతరు" అన్నావు. డబ్బా మీద రెండున్నర అని రాసి ఉంటుంది. ఏ బరువు మీద రెండున్నర? ముందు ఇనప బంపరు, ఇరుక్కుంటే తాడుతో లాగే వించ్, పైన గుడారం మోసే బండికి చేసిన స్ప్రింగు నా ఖాళీ బండికి వేస్తే మూడు దాటి లేస్తుంది, పైగా చిన్న గతుక్కే ఎద్దుబండిలా ఎగురుతుంది. మా బండిలో మేమిద్దరం, ఒక ఐస్ పెట్టె, అంతే. మామూలు బరువుకి చేసినవే అడిగి తెప్పించుకున్నాను.

ఆ తర్వాత చూసింది డబ్బాలో అడుగున పడుండే చిల్లర సామాను. ఇరుసు కిందికి జారినప్పుడు తెగిపోకుండా పొడుగు బ్రేకు గొట్టాలు ఉన్నాయా? చక్రం పైకి లేచినప్పుడు టైరు మడ్‌గార్డుని కొరక్కుండా, షాకప్ అడుగుకి గుద్దుకోకుండా ఆపే బంప్ స్టాపులు పెంచారా? ఇరుసు పక్కకి జరగకుండా పట్టుకునే ట్రాక్ బారుకి సర్దుబాటు ఉందా? ఇవేవీ లేకుండా స్ప్రింగులూ షాకప్‌లూ మాత్రమే పెట్టి చవగ్గా అమ్మేవాళ్ళున్నారు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆ రిమ్ములూ జీపు కంపెనీవే కాబట్టి స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల టైరు రాసుకుంది. స్టీరింగ్ స్టాపుల దగ్గర వాషర్లు వేస్తే ఆగింది. బండి తిరగడానికి ఇప్పుడు కొంచెం ఎక్కువ చోటు కావాలి.

బిగించింది మేమే, ఒక స్నేహితుడి గ్యారేజీలో, రెండు రోజులు. రెండో రోజు రాత్రి బోల్టులన్నీ బిగించేసి జాకీలు తీద్దామనుకుంటుంటే నీ గొంతు వినిపించినట్టయింది. బుష్ బోల్టు బండి గాల్లో ఉండగా బిగించొద్దు, కాళ్ళు నేల మీద ఆనాకే బిగించు, లేకపోతే రబ్బరు మెలితిరిగి చస్తది అని. ఆ స్నేహితుడు మొహం చిట్లించాడు. అయినా అన్నీ వదులు చేయించి, బండి దింపి, కిందికి దూరి మళ్ళీ బిగించాను. ఒక్కటి మర్చిపోయాను. అది తర్వాత తెలిసింది.

రెండు వారాలకి హైవే మీద వంతెన అతుకు దాటుతుంటే స్టీరింగ్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. అదురు కాదు నాన్నా, ఎవరో అవతలి నుంచి పట్టుకుని కుడీ ఎడమా గుంజుతున్నట్టు. ముందు భాగమంతా ఊగిపోతోంది. 60లో మొదలైంది 30కి దిగితే గానీ ఆగలేదు. ఇక్కడ దీన్ని డెత్ వాబుల్ అంటారు. పక్కకి ఆపాక నా చేతులు వణకడం ఆగడానికి పది నిమిషాలు పట్టింది. అలైన్‌మెంట్‌కి తీసుకెళ్తే ముందు చక్రాల టో, అంటే రెండూ తిన్నగా ఒకే దిక్కు చూసే తీరు, సరిచేసి, డబ్బులు తీసుకుని, అంతా ఓకే అన్నారు. ఇచ్చిన కాగితంలో క్యాస్టర్ గడి మాత్రం ఎర్రగా ఉంది, 2.3 డిగ్రీలు. అడిగితే, "ఈ బండికి అది మార్చడానికి కుదరదు" అన్నారు. కంపెనీ అమర్చినట్టుగా ఉంటే కుదరదు, ఆ మాట నిజమే. ఎత్తించాక కుదిరేలా చేసుకోవాలని మాత్రం చెప్పలేదు.

క్యాస్టర్ నాకు నేర్పింది నువ్వే, ఆ పేరు చెప్పకుండా. సైకిల్ నేర్పేటప్పుడు సీటు ఒక్కటే పట్టుకుని, హ్యాండిల్ ముట్టకుండా డిపో గోడ పొడుగునా తోసుకుంటూ పోయావు. సైకిల్ ఎటూ పోకుండా తిన్నగా వెళ్ళింది. ఫోర్కు వాలుగా ఉంది చూడు, అందుకే చక్రం తనంతట తనే దారికొస్తది అన్నావు. జీపు ముందిరుసుకీ అలాంటి వాలే, నాలుగు డిగ్రీల పైన ఉండాలి. బండిని ఎత్తితే ఇరుసుని పట్టుకునే కింది ఇనప చేతులు వంగి దాన్ని తిప్పేస్తాయి, వాలు తగ్గుతుంది. అప్పుడు స్టీరింగ్ దారికి రావడం మానేసి తేలుతూ ఉంటుంది. ఆ ఇనప చేతులు ఛాసిస్‌కి తగిలే చోటుని కిందికి దింపే బ్రాకెట్లు వేయించాను. ఇప్పుడు 4.6.

కానీ వాలు తక్కువైతే బండి తేలుతుంది గానీ అంతగా కొట్టుకోదు. కొట్టుకోవడానికి ఇంకేదో ఉండాలి. ఆదివారం పొద్దున కింద పడుకుని, నీ అల్లుణ్ణి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, ఇంజను ఆన్ చేయించి, "తిప్పు... ఇటు తిప్పు... మళ్ళీ అటు" అని అరిచాను. అచ్చం నీలాగే అరుస్తున్నానని అప్పుడు తట్టి నవ్వొచ్చింది. ట్రాక్ బారు ఇరుసుకి తగిలే చోట టార్చి వేసి చూస్తే, తిప్పినప్పుడల్లా బోల్టు దాని రంధ్రంలో వెంట్రుకవాసి జరుగుతోంది. టక్, టక్. నేను మర్చిపోయింది అదే. దానికి 125 ఫుట్-పౌండ్ల బిగువు కావాలి, చేత్తో బిగించి వదిలేశాను. టార్క్ రెంచ్ క్లిక్కుమనేదాకా బిగించాను. ఆ తర్వాత అదే వంతెన మీద నాలుగుసార్లు పోయి చూశాను. ఏమీ లేదు.

ఇక తమ్ముడి సంగతి. థార్‌కి ముందు రెండంగుళాల బిళ్ళలు పెట్టి 33 టైర్లు వేయిస్తానంటున్నాడట, అమ్మ చెప్పింది. వద్దను. వాడి బండికి ముందు నా జీపులా ఒకే ఇరుసు ఉండదు, రెండు చక్రాలూ విడివిడిగా ఆడతాయి. బిళ్ళలు పెడితే డ్రైవ్ షాఫ్టులు ఎప్పుడూ వంపులోనే తిరిగి రబ్బరు బూట్లు చిరుగుతాయి, బాల్ జాయింట్లు అరుగుతాయి. నేను చేశాను కదా అని వాడు చెయ్యడానికి లేదు. చట్టం కూడా ఒప్పుకోదు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ ఏడాదే మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షన్‌ని తిరగరాశారు. ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అయినా వాడికి లోటేముంది? కంపెనీ ఇచ్చిన టైరే 255/65 ఆర్ 18, 31 అంగుళాలు, నేను మొదలుపెట్టిన దానికంటే పెద్దది. అనంతగిరి కొండల బురదకి అదే సైజులో రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేసుకుని, మట్టిలోకి దిగేముందు గాలి 20కి తగ్గించి, రోడ్డెక్కేముందు మళ్ళీ కొట్టించుకుంటే చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పీడులో ఉండగా నాకు జరిగింది వాడికి జరిగితే అన్న ఆలోచన నాకొద్దు.

మేలో మీరొచ్చేటప్పటికి కనుమ ఇంకా మంచులోనే ఉంటుంది, జూలైలో గానీ తెరుచుకోదు. అప్పటిదాకా ఉండేలా టికెట్లు చూడు. నిన్ను ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తాను. అమ్మ సంగతంటావా, స్ప్రింగులు రెండున్నర, టైర్లు ఇంకో ఒకటిన్నర పైన, మొత్తం నాలుగంగుళాలకి మించి ఎత్తు పెరిగింది. మోకాళ్ళ నొప్పితో అది ఆమెకి ఎక్కువే. మడతపెట్టే పీట ఒకటి కొని వెనక సీటు కింద పెట్టాను. రబ్బరు కాళ్ళున్నది, జారదు.

నీ పెద్ద బిడ్డ