స్పారింగ్‌లో కాళ్లకీ ఒక రౌండ్ ఇవ్వండి

సంపాదకులు గారికి నమస్కారం.

బాక్సింగ్ గురించి పత్రికల్లో ఎప్పుడు చదివినా చేతుల సంగతే. ఎవరి పంచ్ ఎంత గట్టిది, ఎవరు ఎవర్ని ఎన్నో రౌండ్‌లో పడగొట్టారు, అంతే. జిమ్‌లలోనూ అదే తీరు కనబడుతోంది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. స్పారింగ్, అంటే సాధన కోసం ఇద్దరు తలపడడం, కేవలం కొట్టుకోవడమే అనుకుని, కాళ్లు ఎలా కదపాలో సరిగ్గా తెలియని పిల్లల్ని గ్లవ్స్ తొడిగి రింగ్‌లోకి పంపేస్తున్నారు. దెబ్బల భయంతో వాళ్లు బిగుసుకుపోతారు, బిగుసుకుపోయినవాడు కొత్తది ఏదీ ప్రయత్నించడు.

నాకే జరిగింది. నేర్చుకునే రోజుల్లో ఒక సౌత్‌పాతో, అంటే కుడి కాలు ముందు పెట్టి ఆడే కుర్రాడితో నన్ను దింపారు. మొదటి నిమిషం నుంచే అతని ఎడమ చేతి స్ట్రెయిట్ పంచ్ నేరుగా నా ముక్కు మీదికి వస్తోంది. గార్డ్ (ముఖానికి అడ్డంగా పెట్టే చేతులు) ఎత్తు, ఎత్తు అని పక్కనుంచి అరుస్తున్నారు, ఎత్తాను, అయినా తగులుతూనే ఉంది. చివరికి కోచ్ ఆట ఆపి, చేతులు కాదు, కిందికి చూడు అన్నారు. అతని కుడి పాదం నా ఎడమ పాదానికి బయటి వైపున ఉంది. జానెడు తేడా, అంతకంటే లేదు. నా పాదాన్ని అతని పాదానికి బయట పెట్టి చూడమన్నారు. పెట్టాను. అతని ఎడమ చెయ్యి నా చెవి పక్కనుంచి పోయింది, నా కుడి చేతికి ఎదురుగా దారి తెరుచుకుంది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు మా ఇద్దరికీ గట్టిగా కొట్టే అనుమతే లేదు, ముందు పాదం ఎవరిది బయట ఉంటుందో చూసుకోవడమే పని. గ్లవ్ ఊరికే తాకించాలి, అంతే. నేను బాక్సింగ్ నేర్చుకున్నది ఆ వారాల్లోనే అని ఇప్పటికీ నమ్ముతాను.

అసలు సూత్రం చిన్నదే. ఎడమకు పోవాలంటే ఎడమ పాదం ముందు కదలాలి, కుడికైతే కుడి పాదం, రెండోది వెంటనే అంతే దూరం జరగాలి. ఇది అలవాటు కాకపోతే అలసిపోయిన మూడో రౌండ్‌లో కాలికి కాలు అడ్డం పడుతుంది, ఆ క్షణంలో చిన్న జాబ్ (ముందు చేత్తో వేసే తేలికపాటి పంచ్) తగిలినా కూలబడతాం, చూసేవాళ్లేమో అది పెద్ద దెబ్బ అనుకుంటారు.

యాంగిల్, అంటే ఎదుటివాడికి పక్కగా చేరడం, రింగ్ చుట్టూ పరుగెత్తడం అనుకునేవాళ్లు చాలామంది. తాళ్ల లోపల రింగ్ ఉండేదే 6.1 మీటర్లు, నాలుగు అడుగులు వెనక్కి వేస్తే వీపుకి తాడు తగులుతుంది. జాబ్ వేసి, ముందు పాదం మునివేళ్ల మీద తిరిగి, వెనక కాలిని చాపంలా తిప్పి పెడితే చాలు. మన చూపు ఎదుటివాడి మీదే ఉంటుంది, అతను మాత్రం మనవైపు తిరగాలి. ఆ తిరిగే లోపు ఒక దెబ్బకి సమయం దొరుకుతుంది.

ఇక స్టాన్స్, అంటే ఏ కాలు ముందు పెట్టి నిలబడతామన్నది, మార్చడం. వీడియోలు చూసి పిల్లలు దీని వెంటే పడుతున్నారు. 2014లో క్యూబా బాక్సర్ గాంబోవాతో పోటీలో అమెరికా బాక్సర్ టెరెన్స్ క్రాఫర్డ్ మొదటి రౌండ్లలో ఇబ్బంది పడి, సౌత్‌పాకి మారాక ఆట తిప్పేసి 9వ రౌండ్‌లో ముగించాడు, నిజమే. కానీ 1987లో బాక్సింగ్ ఛాంపియన్ మార్విన్ హాగ్లర్ కూడా మార్చాడు. ఎక్కువగా సౌత్‌పాగా ఆడినవాడు షుగర్ రే లియోనార్డ్ మీద ఆర్థడాక్స్‌లో, అంటే ఎడమ కాలు ముందు పెట్టి, మొదలుపెట్టి తొలి రౌండ్లు చేజార్చుకున్నాడు, చివరికి స్ప్లిట్ డెసిషన్‌లో, అంటే జడ్జిలు ఏకాభిప్రాయం లేకుండా ఇచ్చిన తీర్పులో, ఓడిపోయాడు. హాగ్లర్ అంతటివాడికే అలా అయిందంటే, ఆరు నెలలుగా నేర్చుకుంటున్న పిల్లాడు ఎందుకు మారుస్తున్నాడో తెలియకుండా మార్చకూడదు. మారేటప్పుడు రెండు పాదాలూ పక్కపక్కన వచ్చే ఒక క్షణం ఉంటుంది, అప్పుడు నెట్టినా పడిపోతాం. పైగా కుడి పక్క ముందుకొస్తే కాలేయం ఎదుటివాడి ఎడమ హుక్‌కి (పక్కనుంచి వంపుగా వచ్చే పంచ్‌కి) దగ్గరవుతుంది, ఆ దెబ్బ తిన్నవాళ్లకి తెలుసు ఊపిరి ఎలా ఆగిపోతుందో. కుడి పంచ్‌తో పాటే కుడి కాలు ముందుకు వేసి మారడం ముందు నెమ్మదిగా, ఎవరూ కొట్టని రౌండ్‌లో వందలసార్లు చెయ్యాలి.

బాక్సర్ వాసిల్ లొమచెంకోని చిన్నప్పుడు వాళ్ల నాన్న కొన్నేళ్లు బాక్సింగ్ మాన్పించి ఉక్రెయిన్ సంప్రదాయ నృత్యం నేర్పించాడు. ఆ కాళ్లతోనే అతను 2008, 2012 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచాడు.

కోచ్‌లను నేను అడిగేది స్పారింగ్ రోజున ఒక్క రౌండ్, మూడు నిమిషాలు, కాళ్లకి మాత్రమే. మిమ్మల్ని అడిగేది ఇంకా చిన్నది. ఆటల పేజీలో బాక్సింగ్ ఫొటో వేసినప్పుడు నడుము కింద కత్తిరించేస్తున్నారు. దయచేసి పాదాల దాకా ఉంచండి, నేర్చుకునే పిల్లలు అక్కడ చూసుకుంటారు.

ఇట్లు,
ఒక బాక్సింగ్ అభ్యాసకుడు