పాత ఫ్లాట్లలో గోడ పడగొట్టే ముందు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇంటి అలంకరణ మీద వచ్చిన వ్యాసం చదివాను. హాలు, భోజనాల గది, వంటగది కలిపేస్తే పాత ఫ్లాటు కూడా విశాలంగా ఉంటుందని రాశారు. నిజమే. అయితే 1960ల నాటి ఇళ్లకు ఆ సలహా ఇచ్చేటప్పుడు ఏ గోడ తీయవచ్చో, ఏది తీయకూడదో ఒక్క ముక్కయినా చెప్పి ఉండాల్సింది. రోడ్లు భవనాల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన నేను హైదరాబాద్‌లో అలాంటి భవనంలోనే రెండో అంతస్తులో ఉంటున్నాను.

ఇప్పటి అపార్ట్‌మెంట్లలో బరువంతా పిల్లర్లు, బీములు మోస్తాయి. ఆనాటి మూడంతస్తుల భవనాల్లో చాలావాటికి పిల్లర్లే ఉండవు. శ్లాబు నేరుగా తొమ్మిదంగుళాల ఇటుక గోడ మీద కూర్చుంటుంది. దాని మీద పై అంతస్తు గోడ, ఆపైన మరో శ్లాబు. మీటరు పొడవు, మూడు మీటర్ల ఎత్తున్న తొమ్మిదంగుళాల గోడ ఒక్కటే 1,300 కిలోలకు పైగా తూగుతుంది. మా కింది ఇంటివారు కాంట్రాక్టరు మాట నమ్మి అటువంటి గోడనే పగలగొట్టించబోయారు. సగం కూడా కాకముందే మా వంటగది గుమ్మం మూల నుంచి ఏటవాలుగా బీట వచ్చింది. తలుపు బిగుసుకుపోయి గడియ పడలేదు. అప్పటికప్పుడు పని ఆపించి, ఇనుప జాకీలతో శ్లాబుకు ఊతం పెట్టించాం. తర్వాత స్ట్రక్చరల్ ఇంజినీరు లెక్క కట్టి ఇచ్చిన ఇనుప దూలం వేసి, వారు నాలుగడుగుల దారి మాత్రం పెట్టుకున్నారు.

గుమ్మం దగ్గర టేపు పెట్టి చూడండి. ప్లాస్టరుతో కలిపి పది అంగుళాలు వస్తే ఆ గోడ బరువు మోస్తున్నదనే అనుకోవాలి. సన్నగా ఉన్నా సరే, ఇంజినీరు చూడనిదే ముట్టుకోవద్దు.

మా ఇంట్లో హాలుకూ భోజనాల గదికీ మధ్య ఉన్నది ఉత్త అడ్డుగోడ. దాన్ని ఉలి, సుత్తితో పై వరుస నుంచి ఇటుక తర్వాత ఇటుక తీయించాం. కింద మొజాయిక్ లేని చార బయటపడితే అక్కడ నల్లటి కడప రాయి పరిపించాం. (ఆ పాత మొజాయిక్ మీద టైల్స్ వేసి అనవసరపు బరువు పెంచకండి, పాలిష్ పట్టిస్తే ఇప్పటికీ అద్దంలా మెరుస్తుంది.) వంటగది గోడ జోలికి పోలేదు. ఎప్పుడో మూసేసిన వెంటిలేటర్లు తెరిపించాం, నడవలోని అటక తీయించాం, పడమటి బాల్కనీకి బిగించిన అద్దాలు విప్పించాం. తూర్పు కిటికీలో దూరిన గాలి ఇప్పుడు ఇల్లంతా తిరిగి బాల్కనీ గుండా బయటికి పోతోంది. పోపు ఘాటు ఇంట్లో నిలవడం లేదు. పట్టపగలు లైటు వేసే పని తప్పింది.

ముంబైలో 30 ఏళ్లు దాటిన భవనాలకు పటిష్ఠత పరీక్ష తప్పనిసరి. ఇక్కడ ఫ్లాట్ల సంఘాలు కనీసం ఇంజినీరు సంతకం చేసిన కాగితం చూపనిదే గోడ పని మొదలు కానివ్వకూడదు. మా సంఘంలో అలా తీర్మానం చేసుకున్నాం. మొదట సంతకం పెట్టింది కింది ఇంటివారే.

– ఒక విశ్రాంత ఇంజినీరు, హైదరాబాద్