ఈ నెల లేఖ: రూల్ తెలిసినా చెయ్యి ఎందుకు వినదు?

తల్లిదండ్రులకు నమస్కారం.

"అన్నీ అర్థమవుతాయి, కానీ చెప్పింది చెయ్యడు" అన్న మాట నర్సరీ తల్లిదండ్రుల దగ్గర తరచూ వింటుంటాం. అందులో మొండితనం పాలు చాలా తక్కువ. కావాలంటే ఇంట్లోనే చూడండి. ఒక గిన్నె ముందు నీలం కుందేలు బొమ్మ, ఇంకో గిన్నె ముందు ఎర్ర పడవ బొమ్మ పెట్టండి. ఆరు కార్డులు తీసుకుని మూడింటి మీద ఎర్ర కుందేలు, మూడింటి మీద నీలం పడవ గీసి ఇచ్చి, ముందు రంగును బట్టి గిన్నెల్లో పెట్టించండి (ఎర్ర కుందేలు ఎర్ర పడవ ఉన్న గిన్నెలోకి). తర్వాత "ఇప్పుడు బొమ్మను బట్టి" అనండి. మూడేళ్ల పిల్లలు చాలామంది రంగును బట్టే వేస్తూ పోతారు. "కుందేళ్లు ఏ గిన్నెలోకి?" అనడిగితే మాత్రం సరిగ్గా చూపిస్తారు! ఐదేళ్లకు ఎక్కువమంది రూల్ మార్చుకోగలుగుతారు. పాత పనిని ఆపి కొత్తదానికి మళ్లించేది నుదుటి వెనక ఉండే మెదడు భాగం. అది పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుంది.

అందుకే గట్టిగా అరిచి మళ్లీ అదే చెబితే లాభం లేదు. కార్డు ఇచ్చే ముందు "ఇదేంటి?" అని అడిగి, "కుందేలు" అని బిడ్డ చేతే అనిపించండి, కొందరికి ఆ ఒక్క మాటతోనే చెయ్యి దారికొస్తుంది. బూట్లు వేసుకోమన్నప్పుడూ అంతే: చేతిలో బొమ్మ పక్కన పెట్టించాక ఒక్క పనే చెప్పండి, "ఇప్పుడేం చేయాలి?" అని అడగండి.

ఇక హార్మోన్ల సంగతి. ఒత్తిడి వేళ ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోన్ మామూలుగా నిద్ర లేచిన అరగంటకు బాగా పెరిగి రాత్రికి తగ్గుతుంది. కాస్త ఉంటే మనసు చురుగ్గా ఉంటుంది. భయంతో, ఒత్తిడితో మరీ పెరిగితే మొదట దెబ్బతినేది పాత పనిని ఆపి కొత్తదానికి మళ్లే ఈ అదుపే. ఉదయపు హడావుడిలో తిట్లు తిన్న బిడ్డ క్లాసులో కుదురుగా కూర్చోలేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్‌ను రాత్రిపూట వెలుతురు అణిచేస్తుంది, చిన్నపిల్లల్లో మరీ ఎక్కువగా. పడుకునే ముందు గంటసేపు లైట్లు తగ్గించండి, ఫోన్, టీవీ కట్టేయండి. 3–5 ఏళ్ల వారికి పగటి కునుకుతో కలిపి 10–13 గంటలు, ఆరేళ్లు దాటితే 9–12 గంటల నిద్ర కావాలి.

"మగపిల్లలంతే, హార్మోన్లు" అని దయచేసి వదిలేయకండి. ఈ వయసులో మగ హార్మోన్ అనే టెస్టోస్టిరాన్ ఆడపిల్లల్లో, మగపిల్లల్లో కూడా చాలా తక్కువే. ధ్యాస లేకపోవడంతో పాటు ఎదుగుదల మందగించడం, మలబద్ధకం, ఎప్పుడూ నీరసం కనిపిస్తే థైరాయిడ్ పరీక్ష గురించి పిల్లల డాక్టరును అడగండి. తోటి పిల్లలకన్నా బాగా తేడాగా, ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు మించి ఇబ్బంది ఉంటే క్లాస్ టీచరుతో మాట్లాడండి. ఏ వేళ, ఏ పనిలో, ఎంతసేపు అన్నది రెండు వారాలు రాసి తెస్తే మా పరిశీలనతో పోల్చి చూస్తాం.

ప్రధానోపాధ్యాయురాలు