పుట్టిన తారీఖు తెలియకపోతే పండగ చేసుకోకూడదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

డిసెంబర్ వచ్చిందంటే చాలు మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతుంది, యేసు ప్రభువు డిసెంబర్ 25న పుట్టలేదు, అది రోమా వాళ్ళ సూర్యుడి పండగ, క్రిస్మస్ చేసేవాళ్ళంతా విగ్రహారాధన చేస్తున్నట్టే అని. పోయినేడాది అది చదివి మా చెల్లి వాళ్ళు ఇంటికి స్టార్ కట్టడం మానేశారు, క్రిస్మస్‌కి ముందు చేసుకునే సెమీ క్రిస్మస్‌కి కూడా రాలేదు, మా అమ్మ రెండ్రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మా ఒక్క ఇంట్లోనే అయితే మీకు రాసేదాన్ని కాదు, సికింద్రాబాద్‌లో నాకు తెలిసిన మూడు నాలుగు చర్చి సంఘాల్లో ఇదే గొడవ.

ముందు ఉన్న మాట ఒప్పుకుందాం. బైబిల్లో ఆ తేదీ లేదు. ప్రభువు పుట్టుక గురించి వివరంగా రాసింది మత్తయి, లూకా ఇద్దరే, ఇద్దరూ రోజు చెప్పలేదు నెల చెప్పలేదు. గొర్రెల కాపరులు రాత్రిపూట పొలంలో మంద కాస్తున్నారని లూకాలో ఉంది కాబట్టి అది చలికాలం కాదని కొందరంటారు, బేత్లెహేము దగ్గర చలికాలంలో కూడా మందలు బయట ఉండేవని ఇంకొందరంటారు, ఆ ఒక్క ముక్కతో నెల తేలదు. సుమారు 200వ సంవత్సరంలో అలెగ్జాండ్రియాలో క్లెమెంట్ అనే ఆయన రాసేనాటికే తలా ఒక తేదీ చెప్పేవాళ్ళు, అందులో ఒకటి మన లెక్కలో మే 20. ఏడాది సంగతీ అంతే. క్రీస్తు శకం లెక్క కట్టింది 525లో డయొనీసియస్ అనే సన్యాసి, కానీ హేరోదు రాజు క్రీస్తుపూర్వం 4లోనే చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారులు చెప్తారు, మరి ప్రభువు పుట్టినప్పుడు హేరోదు బతికే ఉన్నాడు కదా, పసిపిల్లల్ని చంపించింది ఆయనే కదా.

ఇక సూర్యుడి పండగ విషయం. ఆరేలియన్ చక్రవర్తి 274లో రోమ్‌లో సూర్యదేవుడికి గుడి కట్టించాడు, అది నిజమే. 354 నాటి ఒక రోమన్ పుస్తకంలో క్యాలెండర్ ఉంది, అందులో డిసెంబర్ 25 దగ్గర అజేయుడి పుట్టినరోజు అని రాసుంది, అజేయుడంటే ఆ సూర్యదేవుడేనని చెప్తారు. అదే పుస్తకంలో ఇంకో లిస్టులో అదే తేదీకి క్రీస్తు బేత్లెహేములో పుట్టాడని కూడా ఉంది, ఆ లిస్టు 336 నాటిదని పండితులు చెప్తారు. రెండూ ఒకే పుస్తకంలో ఉంటే ఎవరు ఎవర్ని చూసి పెట్టుకున్నారని తేలుస్తాం? ఇంకో లెక్క కూడా ఉంది, ప్రభువు సిలువ వేయబడ్డ తేదీ, మరియమ్మ గర్భం దాల్చిన తేదీ ఒకటేనని పాతకాలం వాళ్ళు కొందరు నమ్మేవాళ్ళట, రోమ్ వైపు అది మార్చి 25, తొమ్మిది నెలలు కలుపుకోండి. తూర్పు వైపు అది ఏప్రిల్ 6, కలిపితే జనవరి 6. ఆర్మేనియా సంఘం వాళ్ళు ఇప్పటికీ జనవరి 6నే చేసుకుంటారు, రష్యా వాళ్ళు పాత క్యాలెండర్ వదల్లేదు కాబట్టి వాళ్ళ డిసెంబర్ 25 మనకి జనవరి 7. ఇంతమంది ప్రార్థన దేవుడు తారీఖు చూసి తోసేస్తాడా, నాకైతే ఆ మాట నోటికి రాదు.

మా అమ్మది మెదక్ దగ్గర పల్లె. స్కూల్ రిజిస్టర్లో ఆమె పుట్టింది జూలై 1, అది సార్ వేసిన తారీఖు, ఆ క్లాసులో సగం మందికి అదే. అమ్మమ్మ మాత్రం వరి కోతలప్పుడు పుట్టినవ్ బిడ్డా అనేది. మెదక్ చర్చి తెరిచింది 1924 డిసెంబర్ 25న అని అమ్మకి నోటికొచ్చు, చర్చి తారీఖు తెల్సు గానీ నా తారీఖే నాకు తెల్వదు అంటుంది. మేము ప్రతి జూలై 1న కేక్ కోయిస్తాం. తప్పు తారీఖని అందరికీ తెలుసు, అయినా అమ్మ పుట్టడం అబద్ధం కాదు కదా, మా అమ్మ మీద ప్రేమా అబద్ధం కాదు.

చెల్లితో నేను అన్నది కూడా ఇదే. పుట్టాడా లేదా అన్నది మనకి ప్రాణం, అది పోతే నమ్మకమే లేదు, ఏ రోజు అన్నది కాదు. పౌలు గారు రోమా సంఘానికి రాసిన పత్రికలో ఒకరు ఒక రోజుని గొప్పగా ఎంచుతారు, ఇంకొకరు అన్ని రోజులూ ఒకటే అనుకుంటారు, ఎవరి మనసులో వాళ్ళు రూఢి చేసుకోవాలి అని చెప్పాడు. అది చెల్లికీ వర్తిస్తుంది, తను పండగ చేయకపోతే నేను తప్పు పట్టను. కానీ చేసేవాళ్ళని విగ్రహారాధకులు అనడం మాత్రం ఊరుకోలేను.

పాస్టర్ గార్లకి కూడా ఒక మాట. ఈ సంగతులు సంఘంలో దాచిపెట్టడం వల్లే పిల్లలు ఫోన్లో చూసి బెదిరిపోతున్నారు. మా సండే స్కూల్లో ఒక బాబు డేట్ అబద్ధమైతే మిగతాదంతా కూడా అబద్ధమేనా ఆంటీ అని అడిగాడు, ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు. సెమీ క్రిస్మస్‌లు మనం డిసెంబర్ మొదటి వారం నుంచే పెట్టుకుంటున్నాం, వాటిలో ఒక పావుగంట తీసుకుని తేదీ ఎవరికీ తెలియదు, ఈ రోజు పెద్దలు పెట్టుకున్నది అని చెప్పేస్తే ఏం పోతుంది? మీ పేపర్లో కూడా క్రిస్మస్‌కి వేసే స్పెషల్ పేజీలో ఈ చరిత్ర కాస్త వివరంగా వేయించండి సార్, అందరూ చదువుతారు.

ఈసారి మా యూత్ కేరల్స్‌కి బయల్దేరేటప్పుడు చెల్లి వాళ్ళ ఇల్లు లిస్టులో పెట్టాలా వద్దా అని అడిగారు. నేనే ఫోన్ చేశా. స్టార్ అయితే కట్టనక్కా, పాడటానికి రండి, టీ పెడతా అంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తార్నాక, హైదరాబాద్